ఒక్క రోజు బ్రేకు

పోయిన నెల ఒక ఉదయం మా పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. గుర్తింపు కార్డు మీది చిన్న ఫొటోని పెద్దది చేసి పెట్టారు, ముఖం సరిగా తెలియడం లేదు. ‘నిన్న చనిపోయారు. అంత్యక్రియలు ఈ రోజు మూడు గంటలకు, కంకిపాడులో’ అని కింద రాసి ఉంది. చేతులు జోడించిన బొమ్మలు గబగబా ఒక పదిహేను వచ్చాయి. ఆ తర్వాత కొత్తగా చేరిన ఒకాయన ‘ఎవరు సార్ ఈయన?’ అని అడిగాడు. ‘మన దగ్గర కాంట్రాక్టులో చేశాడులే’ అని ఇంకొకాయన జవాబిచ్చాడు. అసోసియేషన్ తరఫున పూలదండ పంపుదామా అని ఎవరో అంటే, మెంబరు కాదు గదా అని సెక్రటరీ రాశాడు. ఇంకో అరగంటకి ఎవరి మనవరాలివో పుట్టినరోజు ఫొటోలు వచ్చి, చావు కబురు పైకి జరిగిపోయింది.

నేను బొమ్మ కూడా పెట్టలేదు. ఆ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి, ఆయనతో ఒకే గదిలో పందొమ్మిదేళ్ళు కూర్చున్నవాణ్ణి. ఆ గ్రూపులో అందరికన్నా ఎక్కువ రాయవలసింది నేనే. కానీ ఆయన గురించి ఒకప్పుడు ఒక కాగితం మీద ఒకే ఒక్క మాట రాశాను. అది రాసిన చేత్తో ‘నివాళి’ అని రాయడానికి సిగ్గేసింది. ఆయన పేరు ఇక్కడ చెప్పను. రావలసిన జాబితాలో రాని పేరు ఇక్కడ వచ్చినా ఆయనకి ఒరిగేదేమీ లేదు. మా శాఖ పేరూ చెప్పను. ఏ శాఖలో అయినా ఇలాంటి మనిషి ఒకడు ఉంటాడు, నాలాంటి వాడూ ఒకడు ఉంటాడు.

ఆయన కుర్చీలో సగమే కూర్చునేవాడు. ముందుకి జరిగి, అంచు మీద, పల్లె బస్సులో ఇద్దరి సీటులో మూడో మనిషి కూర్చున్నట్టు. "వెనక్కి ఆనుకోండి, నడుం పోతుంది" అని నేను కొన్ని వందల సార్లు అని ఉంటాను. "ఆనుకుంటే నిద్రొస్తుందండీ" అనేవాడు. అసలు కారణం నిద్ర కాదు. నేను ఆ ఆఫీసుకి రాకముందు, ఆయన చేరిన మొదటి ఏడాది ముగిసిన రోజు, అప్పటి సూపరింటెండెంటు వచ్చి "మీ ఆర్డరు రేపట్నించీ లేదు, టేబులు ఖాళీ చేయండి" అన్నాడట. సొరుగులో పెట్టుకున్న దువ్వెన, మందుల చీటీ, సగం తిన్న బిస్కెట్ల ప్యాకెట్టు అందరూ చూస్తుండగా ఏరుకోవలసి వచ్చింది. రెండు రోజులకి కొత్త ఆర్డరిచ్చి మళ్ళీ రమ్మన్నారు. వచ్చాడు గానీ, ఆ తర్వాత ఆ సొరుగులో గుండుసూది కూడా పెట్టుకోలేదు. నీళ్ళ సీసా, పెన్ను, టిఫిను డబ్బా, కుర్చీ మీద పరుచుకునే తువ్వాలు, అన్నీ రోజూ సంచిలో తెచ్చుకుని సాయంత్రం మళ్ళీ సంచిలో పట్టుకుపోయేవాడు. ఆయన లేచి వెళ్ళాక చూస్తే ఆ బల్ల దగ్గర ఎవరూ పనిచేస్తున్నట్టు ఉండేది కాదు.

ఏది అడిగినా జవాబులో ఒక మాట ముందు వచ్చేది. "ఒంట్లో బాగుందా?" అంటే "ప్రస్తుతానికి బాగుందండీ." "కంకిపాడులోనే ఉంటున్నారా?" అంటే "ప్రస్తుతానికి అక్కడేనండీ." ఒకసారి కొత్తగా వచ్చిన ఆఫీసరు గారు పలకరింపుగా పిల్లలెంతమంది అని అడిగితే, "ప్రస్తుతానికి ఇద్దరండీ" అన్నాడు. అప్పటికి ఆయనకి యాభై దాటాయి. గదంతా పడీ పడీ నవ్వాం. ఆయన నవ్వలేదు. ఎందుకు నవ్వుతున్నారని మమ్మల్ని అడగనూ లేదు. తర్వాత వారం రోజులు ఆఫీసులో ఎవరు ఎవర్ని ఏం అడిగినా "ప్రస్తుతానికి" అని ఆయన గొంతుతో అనడం మాకొక సరదా అయింది. నేనూ అన్నాను.

ఆయన దేవుడిలాంటి మనిషని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఒక్కోసారి మహా చిరాకు పుట్టించేవాడు. పెన్ను అడిగితే మూత తన దగ్గరే ఉంచుకుని పెన్ను మాత్రం ఇచ్చేవాడు. ఆఫీసరు గారి డ్రాఫ్టులో తప్పు కనబడితే దిద్దేసి ఊరుకోడు, తీసుకెళ్ళి చూపించి, ఆ ఆఫీసరు ముఖం మాడ్చుకునేదాకా నిలబడతాడు. ఒకసారి వరండాలో ఎవరో "మీరు ఔట్‌సోర్సింగాండీ?" అని అడిగారు. అంతే, ముఖం ఎర్రబడిపోయింది. "కాంట్రాక్టండీ! ఇంటర్వ్యూ చేసి, రిజర్వేషను రోస్టరు చూసి తీసుకున్నారు నన్ను. ఏజెన్సీ వాళ్ళు వేరు, మేం వేరు" అని గట్టిగా అన్నాడు. పక్కనే నీళ్ళ క్యాను ఎత్తి పెడుతున్న అటెండరు ఏజెన్సీ మనిషే. అతను విని తల దించుకున్నాడు. మేము ఆయన్ని చూసినట్టే ఆయన వాళ్ళని చూసేవాడు. ఆ చూపు ఆయనకి మా గదిలోనే అబ్బింది.

అయితే సర్వీసు రూల్సు మాత్రం ఆయనకి తెలిసినట్టు జిల్లాలో ఎవరికీ తెలియవు. చేరింది టైపిస్టుగా. కంప్యూటర్లు వచ్చాక డేటా ఎంట్రీ ఆపరేటరు అన్నారు. పేరు మారింది గానీ కుర్చీ మారలేదు. ఎవరికి ఇంక్రిమెంటు ఎప్పుడు పడాలి, ఎవరికి ఎన్ని రోజుల సెలవు నిలవుంది, మెడికల్ లీవులో ఉండగా ప్రమోషనొస్తే ఎలా చేరాలి, అన్నిటికీ ఆయన దగ్గరికే వెళ్ళేవాళ్ళం. పై ఆఫీసుల వాళ్ళు కూడా ఫోను చేసి "ఒకసారి మీ ఆయన్నివ్వండి" అనేవాళ్ళు. పెళ్ళికైనా, తిరుపతికైనా, ఊరికే నిద్రపోవడానికైనా, మా సెలవు చీటీలన్నీ ఆయన టైపు చేసినవే. ఆయనకి మాత్రం రాని రోజుకి జీతం కోత. వాళ్ళమ్మని సమాధి చేసిన మర్నాడే వచ్చి కూర్చున్నాడు. "ఇంకో రెండ్రోజులు ఉండాల్సింది" అన్నాను. "ఉండి చేసేదేముందండీ" అని, మా సహోద్యోగి ఒకరి అత్తగారి సంవత్సరీకానికి సెలవు చీటీ టైపు చేయడం మొదలుపెట్టాడు.

ఆయన పగలబడి నవ్వగా నేను ఒక్కసారే చూశాను. వాళ్ళ ఊళ్ళో రేషన్ కార్డుల జాబితాలోంచి ఆయన కుటుంబాన్ని తీసేశారు. కారణం దగ్గర ‘ప్రభుత్వ ఉద్యోగి’ అని ఉంది. ఆ కాగితం పట్టుకొచ్చి నా బల్ల మీద పరిచాడు. "చూశారాండీ? ఇన్నేళ్ళకి ఒక్క ఆఫీసైనా ఒప్పుకుంది నేను గవర్నమెంటు ఉద్యోగినని!" అని కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. తర్వాత, తను ప్రభుత్వ ఉద్యోగి కాడని మా ఆఫీసు నించి ధ్రువపత్రం కావాలన్నాడు. తనే టైపు చేసుకున్నాడు. నేను సంతకం పెట్టించి ఇచ్చాను. అది పెట్టించడానికి నాకు ఏ భయమూ వేయలేదు.

ఇక బ్రేకు రోజు సంగతి. కాంట్రాక్టు ఏడాదికే ఇస్తారు. మార్చి ముప్పై ఒకటితో అది అయిపోతుంది. కొత్త ఆర్డరు ఏప్రిల్ రెండు నించి మొదలవుతుంది. మధ్యలో ఒకటో తారీకున ఆయన ప్రభుత్వానికి ఏమీ కాడు. ఏళ్ళ తరబడి ఆపకుండా పనిచేశాను గనక ఉద్యోగం పర్మనెంట్ చేయమని రేపు కోర్టుకెక్కకుండా పెద్దవాళ్ళు కనిపెట్టిన ఉపాయం అది. ఏడాదికొక రోజు తాడు తెంపుతారు, మర్నాడు తీరిగ్గా ముడేస్తారు.

ఆ రోజు ఆయన రానక్కర్లేదు. అయినా వచ్చేవాడు. మామూలుగా చొక్కా దోపుకుని మెడలో కార్డు వేసుకునే మనిషి, ఆ రోజు చొక్కా బయటికి వదిలేసి, కార్డు లేకుండా వచ్చి, అర్జీలు పట్టుకొచ్చే జనం కోసం వరండాలో వేసిన బల్ల మీద కూర్చునేవాడు. మొదటిసారి చూసినప్పుడు "ఇక్కడ కూర్చున్నారేంటి, లోపలికి రండి" అన్నాను.

"ఈ రోజు నేను పబ్లిక్కండీ" అన్నాడు.

పదకొండు అయ్యేసరికి లోపల మాకు ఊపిరాడేది కాదు. ఏడాది ఆఖరున పైకి పంపాల్సిన నివేదికలన్నీ ఆ రోజే మీద పడేవి. నేనే వరండాలోకి వెళ్ళి "ఏమండీ, ఒక్క గంట" అని పిలిచేవాణ్ణి. లేచి వచ్చేవాడు. ఆ గంట సాయంత్రం ఆరింటిదాకా సాగేది. అటెండెన్సు రిజిస్టరులో మాత్రం ఆయన చేత సంతకం పెట్టించేవాళ్ళం కాదు. ఆయన పేరుకెదురుగా ఆ గడిలో ఎర్ర సిరాతో అడ్డగీత గీసేది నేనే. నాలుగడుగుల దూరంలో మనిషి టకటకా టైపు చేస్తుంటే, ఇవతల కూర్చుని, ఆ మనిషి ఈ రోజు రాలేదని గీత గీసేవాణ్ణి. సీనియర్ అసిస్టెంటుగా ఉన్నప్పుడూ గీశాను, సూపరింటెండెంటునయ్యాకా గీశాను. ఒక్క ఏడాది కూడా చెయ్యి ఆగలేదు. అందరూ గీస్తారు గనక గీశాను.

ఎన్నికలొచ్చినప్పుడల్లా కాంట్రాక్టు వాళ్ళకి ఎవరో ఒకరు మాట ఇచ్చేవాళ్ళు. ధర్నా చౌక్‌లో టెంటు వేసేవాళ్ళు. ఒకసారి అటుగా వెళుతూ చూస్తే, టెంటులో వెనక వరసలో, ఎండకి కట్టుకున్నట్టు ముఖానికి కర్చీఫ్ కట్టుకుని ఆయన నిలబడి ఉన్నాడు. అందరూ చేతులెత్తి అరుస్తున్నారు. ఆయన చెయ్యి మోచేయి దాకా లేచి ఆగిపోతోంది. పేపరులో ఫొటో పడితే వచ్చే ఏడాది ఆర్డరు ఇవ్వరేమోనని భయం.

చివరికి ఒక ఎన్నికల ముందు ఏడాది అది నిజంగానే వచ్చింది. ఫలానా తారీకుకి ముందు చేరిన కాంట్రాక్టు వాళ్ళని పర్మనెంట్ చేస్తాం, వివరాలు పంపండి అని పైనించి ఉత్తర్వులు వచ్చాయి. మా ఆఫీసులో అర్హులు ముగ్గురు. మిగతా ఇద్దరూ వేరే ఆఫీసుల నించి ఈ మధ్య బదిలీ మీద వచ్చినవాళ్ళు. వాళ్ళ వివరాలు పాత ఆఫీసులే నింపి పంపాయి. ఆయనది నేను నింపాలి. పద్నాలుగు గడులున్న పట్టిక. చివరి గడిలో ‘సర్వీసులో విరామం ఉన్నదా, లేదా’ అని ఉంది.

ఆయనకి అప్పటికి యాభై తొమ్మిది. అరవై నిండితే కాంట్రాక్టు కూడా ఉండదు. పర్మనెంటైతే అరవై రెండు దాకా, అంటే ఇంకో మూడేళ్ళ సర్వీసు, ఆ తర్వాత చేతికి ఏదో ఒక ఆసరా. కాకపోతే ఏడాది తిరిగేసరికి ఇంటికి. ఆ ఒక్క గడి మీద అంత ఉందని ఆయనకి తెలుసు, నాకు తెలుసు.

నాకు రిటైర్మెంటు ఏడు నెలల్లో ఉంది. ‘లేదు’ అని రాస్తే, రేపెవరో ఆడిట్ వాళ్ళు రిజిస్టర్లు తెరిచి, నా ఎర్రగీతలు చూసి, తప్పుడు వివరాలు ఎందుకు పంపావని మెమో ఇవ్వవచ్చు. గీతలున్నా ఆ రోజుల్లో కూడా పనిచేశాడు అని రాస్తే, ఆర్డరు లేని మనిషితో ఎలా చేయించుకున్నావని అడగవచ్చు. ఎలా అయినా నా పెన్షను ఆగుతుంది. ‘ఉన్నది’ అని రాస్తే ఎవ్వరూ ఏమీ అడగరు. మైలవరం దగ్గర పనిచేస్తున్న నాలాంటి సూపరింటెండెంటు ఒకాయనకి ఫోను చేసి, మీరేం రాశారు అన్నాను. ఆయన నవ్వాడు.

"ఒక్క రోజు బ్రేకుని ఎవడు చూస్తాడు గురువుగారూ? లేదు అని రాసి పారేశా. ఇరవయ్యేళ్ళ నించీ మన కళ్ళ ముందు చేస్తున్నారు, ఈ మాత్రం చేయకపోతే ఎట్టా?"

"అవునవును" అని ఫోను పెట్టేసి, ‘ఉన్నది’ అని రాశాను.

ఆ డ్రాఫ్టు టైపు చేయమని ఆయనకి ఇవ్వలేకపోయాను. పక్క సెక్షనులో కొత్తగా చేరిన అమ్మాయికి కవరులో పెట్టి ఇచ్చి, "రేపు నువ్వే టైపు చేసి నేరుగా ఆఫీసరు గారి సంతకానికి పెట్టమ్మా. ఆయనకి చూపించొద్దు" అన్నాను. ఆ అమ్మాయి తల ఊపింది. మర్నాటి సాయంత్రానికి సంతకమై కాగితం వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం కంకిపాడులో వాళ్ళింట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. పేపర్లో వార్త చూసి, ఉద్యోగం పర్మనెంటైపోయినట్టే అనుకుని, ఆయన భార్య చర్చిలో అందర్నీ పిలిచింది. నన్నూ పిలిచింది. వెళ్ళకపోతే అనుమానం వస్తుందని వెళ్ళాను. ఇంటి ముందు చిన్న టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు. పాస్టరు గారు చాలాసేపు ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నప్పుడల్లా ఆయన భార్య గొంతు అందరికన్నా ముందు వినబడింది. భోజనాల దగ్గర ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"ప్రతి ఆదివారం ప్రార్థన మనవి చీటీ రాసిచ్చేదాన్ని అన్నయ్యగారూ, మా ఆయన ఉద్యోగం పర్మనెంటవ్వాలని. ఇరవై నాలుగేళ్ళు. మధ్యలో ఒక పాస్టరు గారైతే, అమ్మా నీ చీటీ చదవక్కర్లేదు, నాకు నోటికొచ్చేసింది అనేవారు. ఇంక రాయక్కర్లేదు. లిస్టు మీరే పంపారంటగా. మీ చేతి మీదుగా జరిగింది."

నేను పలావు కలుపుతూ "అంతా మంచే జరుగుతుందమ్మా" అన్నాను. ఆయన కోడికూర గిన్నె పట్టుకుని వరస వెంట వడ్డిస్తూ వచ్చాడు. నా ఆకు ముందు ఆగి, "ఇంకొంచెం వేసుకోండి సార్" అని రెండు ముక్కలు ఎక్కువ వేశాడు. తిన్నాను. బాగుంది కూడా.

ఉత్తర్వులు రెండు నెలలకి వచ్చాయి. కంప్యూటరులో ముందు చూసింది ఆయనే. మైలవరం దగ్గర ఆఫీసు వాళ్ళ పేర్లన్నీ ఉన్నాయి. మా ఆఫీసుకి బదిలీ మీద వచ్చిన ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆయన పేరు వెనక అనర్హుల పట్టికలో, ‘సర్వీసులో విరామం’ అన్న కారణంతో ఉంది. ఆయన తెర వంక కాసేపు చూసి, "ఫైల్లో పెట్టడానికి ప్రింటు తీయమంటారాండీ?" అన్నాడు. తీసి, పక్కన రెండు చిల్లులు పొడిచి, తాడు ఎక్కించి, ఫైలు నా బల్ల మీద పెట్టాడు. "పైవాళ్ళకి ఏం పోయేకాలమో" అన్నాను నేను. ఏదో ఒకటి అనాలి గదా.

ఆ తర్వాత నా రిటైర్మెంటు. నా పెన్షను కాగితాలు కూడా ఆయనే తయారు చేశాడు. ఒక్క అభ్యంతరం లేకుండా మంజూరయ్యాయి. నాకు శాలువాలు, దండలు, పెద్ద మాటలు, అన్నీ జరిగాయి. ఆ వచ్చిన మార్చికి ఆయనకి వయసు దాటిందని ఆర్డరు ఇవ్వలేదు. ఆయనకి ఏ ఫంక్షనూ జరగలేదని తర్వాత ఎవరో చెప్పారు. రిటైర్మెంటు కాదు గదా, కాంట్రాక్టు అయిపోవడమేగా అన్నారట.

ఇంకో ఏడాదిన్నరకి, మా అపార్టుమెంటు అసోసియేషన్‌కి రసీదు పుస్తకాలు కావలసి వన్ టౌన్ వెళ్ళాను. సందులో తోపుడు బండి అడ్డం పడి, ఆటోలు హారన్లు కొడుతుంటే పక్కకి తప్పుకుని ఒక కాగితాల హోల్‌సేల్ కొట్టు మెట్టెక్కాను. లోపల కంప్యూటరు ముందు బిల్లులు కొడుతూ ఆయన. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "కూర్చోండి, కూర్చోండి" అన్నా వినలేదు. యజమానిని అడిగి, పది నిమిషాలు టీకి బయటికి వచ్చాడు. సన్నబడ్డాడు. చొక్కా మాత్రం దోపుకునే ఉన్నాడు.

టీ కొట్టు దగ్గర నాకు ఊరుకోవడం చేతకాలేదు. ఆయన అడక్కుండానే మొదలుపెట్టాను. "ఆ లిస్టు విషయంలో మేము చేయగలిగింది చేశామండీ. పైన ఎవరో రిజిస్టర్లు తెప్పించుకుని..." అంటున్నాను.

"ఆ లిస్టు టైపు చేసింది నేనేనండీ" అన్నాడు.

"మీరా? ఎలా?" అన్నాను.

"ఆ అమ్మాయికి పద్నాలుగు గడులు ఒక పేజీలో పట్టించడం రాలేదు. నా దగ్గరికి తెచ్చింది. మీరు చూపించొద్దన్నారని కూడా చెప్పింది పాపం, దాచడం తెలీని పిల్ల. చూస్తే నా పేరే. చివరి గడిలో ఉన్నది అని ఉంది. మీ చేతిరాత నాకు తెలీనిదా."

"అయితే మీరే లేదు అని కొట్టేయాల్సింది గదండీ! ఎవరు చూసేవాళ్ళు? ఆఫీసరు గారు చదవకుండానే సంతకం పెట్టేవాడు" అన్నాను. నిజంగా కోపం వచ్చింది నాకు. నా తప్పు దిద్దే అవకాశం చేతిలో పెట్టుకుని దిద్దనందుకు ఆయన మీద కోపం వచ్చింది.

ఆయన నా వంక కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "డ్రాఫ్టులో ఉన్నదాన్ని మార్చి కొడితే అది టైపిస్టు దొంగతనం అవుద్దండీ. పాతికేళ్ళలో ఆ మాట పడలేదు. పర్మనెంటు చేసే కాగితం మీదే పడమంటారా?" అన్నాడు. మళ్ళీ ఆయనే, "మీ చేతే మార్పించుకుందామని ఆ కాగితం పట్టుకుని మీ సీటు దగ్గరికి వచ్చాను. సెలవన్నారు. ఒంట్లో బాగోలేదన్నారు. ఫోను చేద్దామని తీశాను. ఒంట్లో బాగోలేని మనిషిని ఎందుకులే అని ఆగాను. సాయంత్రానికి సంతకం అయిపోయింది."

"మరి ఆ ఆదివారం కూడిక?" అన్నాను.

"అప్పటికే మా ఆవిడ అందర్నీ పిలిచేసిందండీ."

కొట్టులోంచి ఎవరో కేకేశారు. గ్లాసు కింద పెట్టి, నమస్కారం పెట్టి, తోపుడు బండ్ల మధ్యనించి వెళ్ళిపోయాడు. రసీదు పుస్తకాలు నేను వేరే కొట్టులో కొనుక్కున్నాను.

ఆ సెలవు సంగతి ఇందాక రాయకుండా దాటేశాను. ఆ రోజు నాకు ఏ జబ్బూ లేదు. ఆయన కంటపడకుండా ఉండడానికి ఇంట్లో ఫ్యాను కింద పడుకున్నాను. ఆఫీసు నించి ఫోను వస్తుందేమోనని పొద్దున్నే స్విచ్చాఫ్ చేశాను. నా మీద దయతో ఆయన చేయకుండా ఆపుకున్న ఆ ఫోను, చేసినా మోగేది కాదు.

పోయిన నెల, ఆ మూడు గంటల వేళకి కంకిపాడు వెళ్ళాను. సమాధుల దగ్గర పాతికమంది కూడా లేరు. ఆఫీసు నించి నేను, ఆ నీళ్ళ క్యాను అటెండరు, ఇద్దరమే. అతను పూలదండ తెచ్చాడు. నేను ఖాళీ చేతులతో వెళ్ళాను. అంతా అయ్యాక ఆయన భార్య నన్ను చూసి దగ్గరికొచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"మా ఆయన మీ గురించి ఒక్క మాట చెడ్డగా అనేవారు కాదు అన్నయ్యగారూ" అంది. తర్వాత, చాలాకాలంగా అడగాలనుకుంటున్నట్టు, "ఒక్కటి చెప్పండి. ఒక్క రోజు కూడా మానని మనిషి. జ్వరమొచ్చినా వచ్చారు. మీరు రోజూ చూశారు గదా. బ్రేకుందని ఎవరు రాశారండీ?" అని అడిగింది.

అటెండరు నా పక్కనే నిలబడి ఉన్నాడు. అతనికి తెలుసో తెలియదో నాకు తెలియదు.

"పైవాళ్ళమ్మా" అన్నాను.

ఆవిడ తల ఊపింది. "అంతేలెండి. మీ చేతిలో ఉంటే మీరు అలా రాయనిచ్చేవాళ్ళు కాదు" అంది.